కిటికీలో కూలర్, వెనక గదిలో కోడలు

ఇంట్లో నేను అత్తను, ఆమె కోడలు. ఆఫీసులో ఆమె మేడమ్, నేను టీ తెచ్చే మనిషిని. భిలాయి పక్కన జాముల్ నుంచి పొద్దున్నే ఇద్దరం ఒకే ఆటోలో వస్తాం. ఆఫీసు గుమ్మం వరకు "చున్నీ సరిగ్గా వేసుకోవమ్మా" అని నేను చెబుతాను. గుమ్మం దాటాక "టీలో చక్కెర తగ్గించండి" అని ఆమె చెబుతుంది. సాయంత్రం మళ్లీ అదే గుమ్మం దాటేసరికి ఎవరి అధికారం వాళ్లకు తిరిగి వచ్చేస్తుంది. చూసేవాళ్లకు వింతగా ఉంటుందేమోగాని మాకిది బాగానే అలవాటైంది.

ఆఫీసంటే పెద్ద మేడ అనుకోకండి. ఖుర్సీపార్‌లో మన తెలుగువాళ్ల ఇల్లే. ఆ ఇంటి పెద్దాయనా, మా ఇంటాయనా స్టీలు ప్లాంటులో ఒకే మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక మా ఆయన అరుగు మీద కూర్చోవడం నేర్చుకున్నాడు. పెద్దాయన మాత్రం వెల్డింగు మానలేదు. ఇంట్లో మంచం, మెట్లు, తులసికోట, కోళ్ల గూడు, ఆఖరికి నా టీ గిన్నె పెట్టుకునే స్టాండు కూడా ఆయన చేతి ఇనుమే. నలుగురు పట్టుకుంటేగాని ఏదీ కదలదు. కదిలే సామాను సామానే కాదని ఆయన నమ్మకం.

ఆయన కొడుకు ప్లాంటుకి కూలీలను పంపే కాంట్రాక్టు చేస్తాడు. ముందు హాలే ఆఫీసు. అందులో యజమాని కుర్చీ, పక్కన లెక్కలు రాసే మున్షీ బల్ల. హాలు వెనక చిన్న పెరడు. పెరడు దాటితే ఒక గది, హాల్లో ఇంకో బల్లకి చోటు లేక అందులో మా కోడలు. ప్లాంటు గేటు పాసుల కోసం కూలీల కాగితాలన్నీ కంప్యూటర్లో పంపడం ఆమె పని. పాసు రాకపోతే మనిషి గేటు బయటే. మనిషి బయట నిలబడితే ఆ రోజు కూలి కూడా బయటే.

ఆమెను చలికాలంలో పెట్టుకున్నారు. "ఎండాకాలం ఒచ్చిందాకా సూస్తానమ్మాయ్. పని బాగుంటే పర్మినెంటు, నేకపోతే నీ దారి నీది" అన్నాడు యజమాని. మా అబ్బాయికి ఆ రోజుల్లో పని ఉన్న నెల కంటే లేని నెలలు ఎక్కువ. అందుకని ఆ పర్మినెంటు మాట మా ఇంట్లో దేవుడి పటం పక్కన పెట్టుకున్నంత పని చేశాం.

ఆఫీసులో వైఫై పెట్టింది కూడా మా కోడలే. పాలిటెక్నిక్‌లో అదే చదివింది. తీగ లేకుండా గాలిలో నెట్ వస్తుందట. ముందు చోటు చూడాలంది. ఒక పూటంతా ఫోను పట్టుకుని హాల్లో, పెరట్లో, వెనక గదిలో తిరుగుతూ సుద్దముక్కతో నేల మీద గుర్తులు పెట్టింది. బాగా వచ్చేచోట సున్నా, రానిచోట ఇంటూ. ఎవరిదో పెళ్లికి ముగ్గు నేర్చుకుంటోందనుకున్నాను.

"ఈ గోడకి లోపలిపక్క ఇనప ర్యాకులు, నిండా ఫైళ్లు. ఈ గోడలోంచి వెనక గదికి రాదు సార్. కిటికీలోంచే రావాలి. కిటికీకి ఎదురుగా పెడదాం" అని యజమానితో చెప్పింది.

యజమానికి అది నచ్చలేదు. అంత ఖరీదు పెట్టి కొన్న పెట్టె తన కుర్చీ వెనక, వచ్చినవాళ్లకు కనబడేలా ఉండాలన్నాడు. నాలుగు రోజులు అక్కడే పెట్టారు. వచ్చినవాళ్లకు బాగా కనబడింది, వెనక గదికి మాత్రం కనబడలేదు. అప్పుడు దిగివచ్చి కిటికీకి ఎదురుగా పెట్టనిచ్చాడు. పక్కింటి పులుసు వాసన మన కిటికీలోంచి వచ్చినట్టు, నెట్ హాలు కిటికీలోంచి పెరడు దాటి వెనక గది కిటికీలోకి వచ్చేసింది. చలికాలమంతా గేటు పాసులు పరుగున పోయాయి. మున్షీ కూడా ఒకరోజు "బఢియా హై మేడమ్" అన్నాడు. ఆయన నోటివెంట బాగుందన్న మాట రావడం ఆ ఆఫీసులో పండగే.

హోలీ వెళ్లింది. భిలాయిలో హోలీ రంగులు కడుక్కున్నాక ఎవరింట్లోనైనా చేసే మొదటి పని మూల పెట్టిన కూలర్‌ని బయటికి తీయడం. పవర్ హౌస్ బజారులో రకరకాల కూలర్లు దొరుకుతాయి. కాని ఒక్కచేత్తో ఎత్తితే లేచేది కూలరేమిటని పెద్దాయన వాటి మొహం చూడడు. ఆయన కూలర్ ఆయనే చేసుకున్నాడు. నాలుగు పక్కలా మందపాటి ఇనప రేకు, కింద కోనేరంత నీళ్ల ట్యాంకు, వెనక ఖస్ గడ్డి, అంటే వట్టివేళ్లు. దాన్ని నలుగురు మనుషులు గడ్డపారలు పెట్టి జరుపుకుంటూ పెరట్లోకి తెచ్చి, హాలు కిటికీకి అతికినట్టు నిలబెట్టారు. కిటికీ సైజు కొలిచే చేశాడు కనుక చీమ దూరే సందు లేదు. స్విచ్చి వేస్తే హాల్లో కాగితాలు ఎగిరి గోడకి అంటుకున్నాయి. అందరం చల్లగా నవ్వుకున్నాం.

ఆ వారంలోనే వెనక గదిలో నెట్ పడిపోయింది.

ఇప్పుడు చదువుతున్న మీకు విషయం తెలిసిపోయి ఉంటుంది. మాకు తెలియలేదు. నెట్ సంగతి నెట్‌వాళ్లది, కూలర్ సంగతి కూలర్‌ది. రెండిటినీ కలిపి ఎవరాలోచిస్తారు? చలికాలంలో చోటు చూసిన మా కోడలికే ఎండాకాలం ఒకటి వస్తుందని గుర్తు రాలేదు.

గేటు పాసుల కాగితాలు సగం వెళ్లి ఆగిపోయేవి. కూలీలు వీధిలో వేపచెట్టు కింద గుంపుగా కూర్చుని బీడీలు కాల్చేవారు. మున్షీ టీ గ్లాసు అందుకుంటూ వెనక గది వైపు చూసి, "క్యా మేడమ్, ఆజ్ భీ నెట్ ఛుట్టీ పే హై?" అనేవాడు. నెట్ ఈ రోజు కూడా సెలవులో ఉందా అని.

యజమానికి ఒక అనుమానం వచ్చింది. వీధిలో ఎవరో మన నెట్ వాడేసుకుంటున్నారని. "పాస్‌వర్డు బయటికి పోతంది. నీకూ నాకూ మున్షీకీ తప్ప తెల్దు. మరెలాగ పోనాదమ్మాయ్?" అని కోడల్ని నిలబెట్టి అడిగాడు. ఆమె ఆ రోజే పాస్‌వర్డు మార్చేసింది. మర్నాటికి మళ్లీ అదే గొడవ. మళ్లీ మార్చింది. మళ్లీ అంతే. ఎలా పోతోందో నాకు తెలుసు. నాకేమిటి, ఖుర్సీపార్‌లో ఆ వీధి మొత్తానికి తెలుసు.

పెద్దాయనకి ఒక ఫోను ఉంది. మధ్యాహ్నం కూలర్ ముందు మడత కుర్చీ వేసుకుని, ఎక్కడెక్కడివాళ్లో వెల్డింగు చేసే వీడియోలు చూసి వాళ్లను తిట్టడం ఆయన కాలక్షేపం. "ఆ సెయ్యి సూడు, సెయ్యేనా అది? అట్లకాడ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు" అంటూ. పాస్‌వర్డు మారిన ప్రతిసారీ ఆయన వీడియో ఆగిపోయేది. కొత్తది చెప్పాలి. ఇన్నేళ్లు రోలింగ్ మిల్లు మోతలో పనిచేసిన చెవులు. మామూలు మాట వాటికి చేరదు. యజమాని హాలు మధ్యలో నిలబడి ఒక్కో అక్షరం అరిచేవాడు.

"నాన్నా! బీ! బాల్టీ బీ!"

"ఏటీ?"

"బాల్టీ! బాల్టీ బీ! తరవాత పెద్ద ఆర్! రైలు ఆర్!"

"రైలా? రైలెందుకురా ఇప్పుడు?"

అలా చివరిదాకా వచ్చేసరికి యజమాని గొంతు బొంగురు పోయేది. ఒకసారి ఆయన ఆయాసం తీర్చుకుంటుంటే, రోడ్డుకి అవతల కుట్టుమిషను మీంచి దర్జీ తలెత్తి, "భయ్యా, ఆఖిర్ మే సాత్ బోలా కి నౌ?" అని అడిగాడు. చివరిది ఏడా తొమ్మిదా అని. యజమాని ధ్యాసలో లేక "సాత్, సాత్" అనేశాడు. తర్వాత లోపలికొచ్చి, "ఈ ఆఫీసులో ఎవుడో దొంగున్నాడు" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు ఆయన చూపు మా కోడలి వైపే ఉంది. మున్షీ చూపు కూడా. నా చూపు పాల గిన్నెలో ఉంది. తండ్రికి పెద్దగా చెప్పవద్దని కొడుకుతో ఎవరంటారు?

మా కోడలు ఆ ఒక్క పెట్టెలోనే రెండు దారులు చేసింది. ఒకటి ఆఫీసుకి, దాని పాస్‌వర్డు తనే కంప్యూటర్లలో కొట్టి ఎవరికీ చెప్పలేదు. రెండోది చుట్టాలకీ పెద్దాయనకీ. దాంట్లోంచి ఆఫీసు కాగితాల్లోకి పోలేరు, పెద్ద వేగం కూడా ఇవ్వదు. అది అరిచినా పరవాలేదంది. యజమాని తృప్తిగా అరిచాడు. దర్జీ తృప్తిగా రాసుకున్నాడు. హాల్లో నెట్ గుర్రంలా పరిగెత్తింది.

వెనక గదిలో మాత్రం రాలేదు.

"దొంగలు పోయారు కదమ్మాయ్, ఇంకేటి నీకు?" అన్నాడు యజమాని. ఇప్పుడు నెపం నెట్టడానికి వీధి కూడా మిగల్లేదు, ఆమె ఒక్కతే మిగిలింది. మున్షీ గొంతు తగ్గించి, జాముల్ వైపు తన మేనల్లుడొకడు ఇదే చదువుకుని ఖాళీగా ఉన్నాడని యజమాని చెవిలో వేశాడు. అది నా చెవిలోనూ పడింది. "నెలాఖరుదాకా సూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మరి నన్ననొద్దు" అని యజమాని తేల్చేశాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి బియ్యం కడుగుతూ ఆమె అంది. "అత్తా, మిల్ గయా. నెట్ ఎక్కడాగుతోందో దొరికింది. ఫోను పట్టుకుని చూశాను. కూలర్ ముందర ఫుల్. కూలర్ వెనకాల జీరో. ఆ రేకూ ఆ నీళ్లూ కలిసి మొత్తం ఆపేస్తున్నాయి. కిటికీలో ఇనప తలుపు పెట్టినట్టే."

నేను అట్లకాడ పక్కన పెట్టేశాను. "అమ్మా, ఆ మాట అక్కడనకు. నీకు దండం పెడతాను."

"ఎందుకు? నిజమే కదా."

"నిజమే. నిజం కాకపోతే అనేయవచ్చు."

ఆ ఇంట్లో ఆ కూలర్‌కున్న మర్యాద ఈమెకు తెలియదు. పెద్దాయన భార్య కిందటేడు అది మోత చేస్తోందంటే, ఆయన వారం రోజులు ఆవిడ చేతి అన్నం తిన్నాడుగాని రుచి చెప్పలేదు. మర్నాడు మా కోడలు యజమానికి చెప్పనే చెప్పింది. ఆయన హాల్లోకి తొంగి చూసి, తండ్రి ఫోనులో ఉన్నాడని రూఢి చేసుకుని, గుసగుసగా అన్నాడు. "నాకూ అనుమానమే అమ్మాయ్. కాని నాన్నకెవులు సెప్తారు? నువ్వేరే ఏటైనా ఉపాయం సూడు."

"కూలర్ జరపండి సార్, లేదా తీగ లాగండి."

"తీగ లాగితే కిటికీలోంచే లాగాలి. కిటికీలో కూలరుంది కదా."

"అందుకే జరపండి."

"అదే సెప్తన్నాను కదా, ఎవులు సెప్తారు?"

ఇలా ఇద్దరూ ఆ కూలర్ చుట్టూ మూడుసార్లు తిరిగి వచ్చారు. తప్పు తెలిసింది, ఉపాయం తెలిసింది. అయినా ఉద్యోగం పోయేది ఆమెదే, ఎందుకంటే ఆమెను తీసేయడం కూలర్‌ని తీయడం కంటే సులువు. దానికి గడ్డపారలు అక్కర్లేదు.

నెలాఖరు దగ్గరపడింది. ఒక పూట కూలీలు పొద్దున్నుంచీ వేపచెట్టు కింద ఉన్నారు. ఎండ నెత్తికెక్కింది. వాళ్లలో ఒకడు గేటు దాకా వెళ్లి తిరిగొచ్చి, "మేడమ్, పాసు నేదంటన్నారు" అని వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. మా కోడలు కంప్యూటర్ ముందు నుంచి లేచింది. చున్నీ నడుముకి చుట్టింది. నా పక్కనుంచే పోతుంటే "అమ్మా, వద్దు" అన్నాను. అక్కడ ఆమె మేడమ్ కదా, వినలేదు.

పెద్దాయన కుర్చీ పక్కన వంగి మెల్లగా అంది. "పెద్ద మావయ్యా, మీతో చిన్న మాట."

"ఏటీ?"

"కూలర్ గురించి."

"ఏటీ? గట్టిగా సెప్పమ్మా, నోట్లో నోట్లో నమలకు."

అక్కడే వచ్చింది చిక్కు. ఆ ఇంట్లో ఏ సంగతైనా మెత్తగా చెప్పుకోవచ్చు, ఆయనతో తప్ప. ఆమె ఊపిరి తీసుకుని అరిచింది. "మీ కూలర్ నెట్‌కి అడ్డొస్తంది మావయ్యా!"

రోడ్డుకి అవతల దర్జీ మిషను ఆగింది. మున్షీ పెన్ను మూత పెట్టాడు. యజమానికి బాత్రూము గుర్తొచ్చింది.

పెద్దాయన ఫోను ఒడిలో పెట్టుకున్నాడు. "నా కూలర్లో తప్పుందా?"

"తప్పని నేననలేదు. టెస్టింగ్ చెయ్యాలంతే. దాన్ని కిటికీలోంచి తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చూద్దాం. ప్లాంటులో మీరెలా చేసేవోళ్లు?"

ఆమె తెలిసి అందో తెలియక అందో ఇప్పటికీ అడగలేదు. ప్లాంటు ముసలివాళ్లకి తప్పుందంటే కోపం వస్తుంది, టెస్టింగ్ అంటే నిద్రలోంచి కూడా లేస్తారు. పెద్దాయన లేచి నిలబడ్డాడు. "అలాగయితే ఉత్తినే కాదు. షట్‌డౌన్ తీసుకోవాలి. ముందు కరెంటు తియ్యి. ఒరే, నా హెల్మెట్టు తే!"

ఇంట్లో కూలర్ జరపడానికి పసుపు హెల్మెట్టు పెట్టుకున్న మనిషిని నేను అప్పుడే చూశాను. మెయిన్ స్విచ్చి ఆపించాడు. దానికి ఒక ఎర్ర గుడ్డ కట్టించాడు, ఎవరూ ముట్టకూడదని. కరెంటు ఆపితే నెట్ పెట్టె, తన కంప్యూటరు కూడా ఆగిపోతాయని మా కోడలు చెబితే, "అలాగయితే ఆ రెండిటికీ ఇన్వర్టర్ మీంచి ఎయ్యి" అని మినహాయింపు ఇచ్చాడు. వేపచెట్టు కింద కూలీలను పిలిచారు. పాసులు రాక కూర్చున్నవాళ్లే గడ్డపారలు పట్టారు. నీళ్లు తోడి పారబోశారు. "హయిసా!" అని వాళ్లు లాగితే కూలర్ అడుగు జరిగింది, మరో అడుగు జరిగింది. కిటికీలోంచి వెలుతురు హాల్లో పడింది.

మా కోడలు వెనక గదిలోకి పరిగెత్తింది. కాసేపటికి లోపలినుంచి కేక. "ఆ గయా! పాసులెల్లిపోతున్నాయ్!"

"ఇప్పుడు పెట్టండి" అన్నాడు పెద్దాయన. పెట్టారు. కేక ఆగిపోయింది. "తియ్యండి." తీశారు. మళ్లీ కేక. ఆయనకి అంతటితో తనివి తీరలేదు. కూలీలకు చెమటలు కారుతున్నా ఇంకోసారి పెట్టించి, ఇంకోసారి తీయించాడు. టెస్టింగ్ అంటే ఒక్కసారితో అయ్యేది కాదట.

నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ఇప్పుడు ఆయన మొహం ఎలా మారుతుందో, మా కోడలి నెత్తిన ఏం పడుతుందో అని. పెద్దాయన కూలర్ దగ్గరికి వెళ్లి రేకు మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు. తర్వాత, అప్పటికి బాత్రూములోంచి బయటపడ్డ కొడుకు వైపు తిరిగాడు.

"సూశావేట్రా? బజార్లో రేకయితే దూరిపోయేది. ఇది నా సేత్తో చేసింది. గాలి తప్ప ఇంకేటీ దూరదు!"

అందరం ఊపిరి వదిలాం. "అవును నాన్నా" అన్నాడు యజమాని. "సహీ బాత్" అన్నాడు మున్షీ. మా కోడలు కూడా వచ్చి, అంత గట్టి రేకు తను ఎక్కడా చూడలేదంది. ఆ రోజు సాయంత్రం వీధిలో దారిన పోయే ప్రతివాడినీ ఆపి ఆయన తన కూలర్ కంప్యూటర్‌ని కూడా ఆపేసిందని చెప్పుకున్నాడు.

కూలర్ మాత్రం కిటికీలోకే తిరిగి వచ్చింది. అంత గొప్పదని తేలాక దాన్ని పక్కన పెడతారా? తీగ ఆయనే వేస్తానన్నాడు. మామూలు తీగ ఎలకలు కొరుకుతాయని, దాన్ని ఇనప గొట్టంలో దూర్చి, కిటికీ పైన గోడకి కన్నం కొట్టి, పెరడు మీదుగా వెనక గది దాకా తీసుకెళ్లాడు. అడుగడుగుకీ క్లాంపు, క్లాంపు క్లాంపుకీ వెల్డింగు. గాలిలో వచ్చే నెట్ కోసం డబ్బు పెట్టిన ఆఫీసుకి ఇప్పుడు ఏనుగుని కట్టినా తెగని గొట్టం ఉంది. దాని మీద నేను గిన్నెలు తుడిచే గుడ్డలు ఆరేసుకుంటున్నాను.

గేటు పాసులు మళ్లీ పరుగున పోసాగాయి. నెలాఖరు వచ్చింది. యజమాని పర్మినెంటు మాట ఎత్తలేదు. మా కోడలే అడిగితే, "ఉండమ్మాయ్, సూద్దాం. సలికాలంలో ఆ పెట్టె పెట్టినపుడే ఎండాకాలం సంగతి ఆలోసించాల్సింది కదా" అన్నాడు. అది మున్షీ నేర్పిన మాటే గాని, అబద్ధం మాత్రం కాదు. ఆమె తల దించుకుని వెనక గదిలోకి పోయింది. ఆ రోజు ఆటోలో దారి పొడుగునా నేనే మాట్లాడాను, దేని గురించో గుర్తులేదు, ఆమె వినలేదు కనుక.

ఆ తర్వాత వారంలో నేను టీలు పట్టుకుని వెనక గదికి వెళ్లేసరికి యజమాని అక్కడ ఆమె బల్ల ముందు నిలబడి ఉన్నాడు. ఆయన ఆ గదిలోకి రావడమే అరుదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గొట్టాన్ని తడుముతున్నాడు.

"అమ్మాయ్, మా నాన్న కంట్లో శుక్లం ముదిరిపోనాది. డాక్టరు ఆపరేషనన్నాడు. ఆ మాటెత్తితే నామీద ఇంతెత్తున లేస్తన్నాడు. అమ్మ సెప్పినా ఇనడు. నువ్వయితే... నీ మాటయితే ఇంటాడు."

మా కోడలు కంప్యూటర్‌లోంచి తల తిప్పలేదు. "చెప్తాను సార్. నా పర్మినెంట్ కాగితం ఏమైంది?"

"అదెక్కడికి పోతాదమ్మాయ్? ఒచ్చే నెల సూద్దాం."

"అయితే మావయ్య కన్ను కూడా వచ్చే నెలే చూద్దాం సార్."

ఇంట్లో అయితే పెద్దవాళ్లతో అదేం మాటని గదమాయించేదాన్నే. కాని అది ఆఫీసు. యజమాని ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు, నేను టీ వైపు చూశాను. ఆయన గుమ్మంలోకి వెళ్లి, పెరటి మీంచి హాల్లోకి వినబడేలా మున్షీని కేక వేశాడు. పర్మినెంట్ కాగితం పట్టుకుని రమ్మనీ, వస్తూ వస్తూ రాసే పెన్ను తెమ్మనీ.